లాంగ్ బెల్ తర్వాత ఒక పిల్ల క్లాసులోనే ఆగిపోతే: టీచర్లు ఏం చేయాలి, ఏం చేయకూడదు

లాంగ్ బెల్ కొట్టేశారు, పిల్లలంతా సంచులు తగిలించుకుని పరుగెత్తారు, ఒక్క పిల్ల మాత్రం బోర్డు తుడుస్తానని ఆగింది. తుడిచిన బోర్డునే మళ్లీ తుడుస్తోంది. మీరు రిజిస్టర్ సర్దుకుంటుంటే దగ్గరికొచ్చి "మేడమ్, ఎవరికీ చెప్పనంటే ఒకటి చెప్తా" అంటుంది.

తన మీద జరిగిన లైంగిక వేధింపు గురించి ఒక పిల్ల నోరు విప్పబోయే ఈ నిమిషం మన ఉద్యోగంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అప్పుడు ఏం చేయాలో నాకు బీఈడీలో ఎవరూ చెప్పలేదు. పందొమ్మిదేళ్లుగా జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తున్నాను, తప్పులు చేశాను, ఆ తర్వాతే చట్టం చదువుకున్నాను, తెలిసినవాళ్లను అడిగి నేర్చుకున్నాను. అదంతా ఒక వరసలో రాస్తున్నాను. ఎక్కువగా ఆడపిల్ల అనే రాస్తాను కానీ మగపిల్లలకీ ఇదే వర్తిస్తుంది. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ఇచ్చిన నివేదిక కోసం 13 రాష్ట్రాల్లో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా, 12 వేల మందికి పైగా పిల్లలతో మాట్లాడితే సగం మందికి పైగా ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదురైందన్నారు. అందులో అబ్బాయిలు అమ్మాయిల కంటే తక్కువేమీ లేరు.

ముందు ఆ మాట ఇవ్వకండి

"ఎవరికీ చెప్పను, చెప్పమ్మా" అనేయడం చాలా తేలిక. నేను అలాగే అన్నాను ఒకసారి, ఏడో తరగతి పిల్లకి. చెప్పింది. మాట ఇచ్చాను కదా అని నాలుగు రోజులు నాలో నేనే నలిగిపోయాను, ఐదో రోజు నుంచి పిల్ల బడికి రాలేదు. తర్వాత కనుక్కుంటే వేరే ఊరికి పంపేశారు. ఆ నాలుగు రోజులు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఇలా అనండి: "క్లాసులో ఎవరికీ తెలియనివ్వను. కానీ నిన్ను కాపాడాలంటే ఒకరిద్దరికి చెప్పాల్సి రావచ్చు. ఎవరికి చెప్పేదీ ముందు నీకే చెప్తాను." పిల్లలు దీనికి ఒప్పుకుంటారు. వాళ్లకి కావాల్సింది రహస్యం కంటే ఆసరా. ఒకవేళ అక్కడితో ఆగిపోయి వెళ్లిపోతే బలవంతపెట్టకండి, రేపు మళ్లీ బోర్డు తుడిచే పని ఆమెకే ఇవ్వండి.

కూర్చోబెట్టి వినండి

స్టాఫ్‌రూమ్ వద్దు, హెచ్‌ఎం గది అసలే వద్దు. అందరికీ కనబడుతూ ఎవరికీ వినబడని చోటు చూసుకోండి, వరండా చివరన గానీ తలుపు తీసి ఉన్న లైబ్రరీ గదిలో గానీ. మీరు సార్ అయితే "ఎవరైనా మేడమ్‌ని కూడా పిలవనా, ఎవరిని పిలవమంటావ్?" అని పిల్లనే అడగండి.

అడగాల్సినవి రెండే మాటలు. "ఏం జరిగింది?" "తర్వాత?" అంతే. "మీ బాబాయి ఇక్కడ పట్టుకున్నాడా?" అని మనమే అందిస్తే పిల్ల ఊ అంటుంది, రేపు కోర్టులో అవతలి వకీలు "టీచరే చెప్పించింది" అంటాడు. ఇంకొన్ని ప్రశ్నలున్నాయి, మన నోటికి అలవాటుగా వచ్చేస్తాయి, వాటిని పళ్ల బిగువున ఆపుకోవాలి: ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు, ఆ టైమ్‌లో అక్కడికెందుకు వెళ్లావ్, మీ అమ్మకి చెప్పావా, నిజంగానేనా. ఈ నాలుగింటికీ పిల్లకి వినబడే అర్థం ఒక్కటే, తప్పు నాదే అని. కళ్లు తుడవాలనిపించినా, దగ్గరికి తీసుకోవాలనిపించినా అడిగి చేయండి, ఎవడో అడక్కుండా తాకిన పిల్ల అది. మన ముఖంలో కోపం కనబడితే తన మీదే అనుకుని ఆగిపోతుంది, అందుకని వాడిని తిట్టడం కూడా వాయిదా వేయండి.

చివర్లో మూడు మాటలు చెప్పండి. నువ్వు చెప్పింది నమ్ముతున్నాను. నీ తప్పేం లేదు. చెప్పి మంచి పని చేశావు. ఇవి ఉత్త ఓదార్పు మాటలనుకోవద్దు. ఆ తర్వాత పోలీసుల ముందూ, డాక్టర్ ముందూ, జడ్జి ముందూ నోరు విప్పగలిగే ధైర్యం ఆ పిల్లకి ఇక్కడి నుంచే వస్తుంది.

పిల్ల వెళ్లగానే రాసి పెట్టండి

అరగంటలోపు, ఇంటికెళ్లి కాదు. తేదీ, టైమ్, ఎక్కడ కూర్చున్నాం, ఇంకెవరున్నారు, పిల్ల ఏమంది. పిల్ల మాటని మన గ్రాంథికంలోకి మార్చకండి. "బావ రోజూ బండి మీద ఎక్కించుకుంటడు" అంటే అలాగే రాయాలి, "బంధువు వాహనంపై తీసుకువెళ్లుచున్నాడు" అని రాస్తే అది మన మాట అయిపోతుంది. మీకు అనిపించింది వేరే పేరాలో రాయండి. సంతకం, కవరు, హెచ్‌ఎం బీరువాలో తాళం. పిల్ల చేత రాయించకండి, ఫోన్లో వీడియో తీయకండి, ఫొటో తీయకండి, మండలం టీచర్ల వాట్సాప్ గ్రూపులో "మా స్కూల్లో ఇలా జరిగింది" అని పేరు లేకుండా కూడా పెట్టకండి, ఊరు చిన్నది, అందరికీ తెలిసిపోతుంది. బాధిత పిల్లల పేరు గానీ బడి పేరు గానీ ఆనవాలు దొరికే ఏ వివరమైనా గానీ బయటపెట్టడం నేరం.

తర్వాత హెచ్‌ఎంకి మీరే చెప్పండి, పిల్ల చేత చెప్పించొద్దు. పిల్లని పిలిచి మళ్లీ చెప్పించడం, ఆపైన సీనియర్ మేడమ్ ముందు ఒకసారి, స్కూల్ కమిటీ చైర్మన్ ముందు ఇంకోసారి... ఐదుసార్లు చెప్పించాక ఏ పిల్లైనా ఒక మాట అటూ ఇటూ అంటుంది, వెంటనే "చూశారా, మాట మారుస్తోంది" అంటారు.

నిన్నో మొన్నో జరిగిన అత్యాచారం లాంటి పెద్ద విషయమైతే ఇవన్నీ ఆపి ముందు ఆసుపత్రి. 72 గంటల్లోపు వెళ్తే గర్భం రాకుండా, హెచ్ఐవీ సోకకుండా మందులు ఇవ్వగలరు, ఎంత ముందైతే అంత మంచిది. పిల్లకి స్నానం చేయించొద్దు, బట్టలు ఉతకొద్దు, మార్చి ఉంటే ఆ బట్టలు ప్లాస్టిక్ కవర్లో కాకుండా కాగితం సంచిలో పెట్టాలి. ప్రైవేటు ఆసుపత్రి అయినా ఉచితంగా చికిత్స చేసి తీరాలి, ఎఫ్ఐఆర్ కాపీ తెస్తేనే చూస్తాం అనడానికి వీల్లేదు. ఆడపిల్లని పరీక్ష చేయాల్సింది లేడీ డాక్టరే.

ఫిర్యాదు: మనం కనుక్కుని చెప్పాల్సింది కాదు, తెలిసింది చెప్పాల్సింది

ఎక్కువ బళ్లు ఇక్కడే ఆగిపోతాయి. "ముందు నిజమో కాదో మనం విచారిద్దాం" అంటారు. విచారణ మన పని కాదు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని భయం ఉన్నా, తెలిసిన ప్రతి మనిషీ పోలీసులకి చెప్పాలి. సాక్ష్యం చూపించమని ఆ సెక్షన్ అడగదు. తల్లిదండ్రుల అనుమతి అక్కర్లేదు, ఎంఈఓ గారి అనుమతి అక్కర్లేదు, డీఈఓ ఆఫీసు నుంచి ప్రొసీడింగ్స్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తన కింద పనిచేసే ఉద్యోగి చేసిన నేరాన్ని సంస్థ పెద్ద దాచితే ఏడాది దాకా జైలు, జరిమానా. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లాలోని ఒక స్కూల్ హాస్టల్ కేసులో 2022 నవంబరులో సుప్రీంకోర్టు, తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమని స్పష్టంగా చెప్పింది. అదే చట్టం మనల్ని కాపాడుతుంది కూడా. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్ల మీద సివిల్ గానీ క్రిమినల్ గానీ ఏ కేసూ నిలవదు.

ఎక్కడ చెప్పాలి? దగ్గర్లోని పోలీస్ స్టేషన్, లేదా 112. స్టేషన్‌కి వెళ్లడానికి టెన్షన్‌గా ఉంటే ముందు పిల్లల హెల్ప్‌లైన్ 1098 కి ఫోన్ చేయండి, రాత్రీ పగలూ ఎత్తుతారు, జిల్లా బాలల పరిరక్షణ విభాగం నుంచి మనుషులు వస్తారు, ఆ మీదట స్టేషన్‌కి వెళ్లడం సులువవుతుంది. నేరం వేరే ఊళ్లో జరిగిందని "మా లిమిట్స్ కాదు" అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, అంటే నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా నమోదు చేసే ఎఫ్ఐఆర్. కాగితం మీద ఇచ్చినా నోటితో చెప్పినా వాళ్లు రాసుకుని ఎంట్రీ నంబరు వేయాలి, ఆ నంబరు అడిగి రాసుకుని మీ కవర్లో పెట్టుకోండి. మీరు మీ పని చేశారనడానికి అదే రుజువు.

పోలీసులు బడికొస్తే యూనిఫాంలో రాకూడదని చట్టమే చెప్తోంది, గుర్తు చేయడానికి మొహమాటపడకండి. వాంగ్మూలం పిల్ల కోరిన చోట తీసుకోవాలి, వీలైనంతవరకు ఎస్ఐ హోదాకి తగ్గని మహిళా అధికారే తీసుకోవాలి, తల్లిదండ్రులు గానీ పిల్ల నమ్మిన మనిషి గానీ పక్కనుండాలి. ఆ మనిషి మీరే కావచ్చు. అటెండర్‌ని పంపి క్లాసులోంచి పేరు పెట్టి పిలిపించొద్దు, పీఈటీ పీరియడ్‌లోనో లైబ్రరీ పీరియడ్‌లోనో మీరే తీసుకెళ్లండి. రాత్రిపూట పిల్లని స్టేషన్లో ఉంచకూడదు. 24 గంటల్లో పోలీసులు బాలల సంక్షేమ కమిటీకి తెలపాలి, పిల్ల ఇంట్లో ఉండాలా వేరేచోట ఉండాలా అనేది ఆ కమిటీ తేలుస్తుంది. జాలిపడి మీ ఇంటికి తీసుకెళ్లిపోకండి, మంచి మనసుతో చేసినా అదే రేపు మీ మీదికి తిప్పుతారు. కేసు పొడవునా పిల్ల వెంట ఉండే సహాయక వ్యక్తిని ఇవ్వమని కమిటీని అడగొచ్చు, 2020 పోక్సో నియమాల్లో అది ఉంది. తెలంగాణలో భరోసా కేంద్రం అందుబాటులో ఉంటే పోలీసు, డాక్టరు, లాయరు ఒకే చోట దొరుకుతారు. ఆంధ్రలో గ్రామ సచివాలయం మహిళా పోలీసు పరిచయం ముందునుంచే ఉంచుకోండి.

ఇంటికి ఎప్పుడు చెప్పాలి

జాతీయ నేర గణాంకాల్లో ఏ ఏడాది చూసినా పోక్సో అత్యాచార కేసుల్లో నూటికి తొంభైకి పైగా తెలిసినవాళ్లే నిందితులు. అందుకని పిల్ల చెప్పిన పేరు ఇంట్లో మనిషిదైతే ఇంటికి ముందు ఫోన్ చేయకండి. ముందు 1098, తర్వాత వాళ్ల సలహాతో ఇల్లు. బయటివాడైతే తల్లిని పిలవండి, ఎదురుగా కాకుండా పక్కన కూర్చోండి. ఆవిడ మొదట ఏడుస్తుంది, తర్వాత పిల్లని కొట్టబోతుంది, తర్వాత "పరువు పోతుంది మేడమ్, చదువు మాన్పించేస్తాం" అంటుంది. మూడింటికీ సిద్ధంగా ఉండండి. "తప్పు చేసినవాడు ఊళ్లో తిరుగుతుంటే మన పిల్లెందుకమ్మా ఇంట్లో కూర్చోవాలి?" అని నేను అడుగుతుంటాను. కొందరు మనసు మార్చుకున్నారు. కొందరితో నాలుగైదుసార్లు మాట్లాడాల్సి వచ్చింది.

చేసినవాడు మన స్టాఫే అయితే

ఇది రాయడం నాకు కష్టంగా ఉంది, కానీ దీని గురించి రాయకపోతే మిగతాదంతా వృథా. సార్ కావచ్చు, వాచ్‌మన్ కావచ్చు, బడికి పిల్లల్ని తెచ్చే ఆటో డ్రైవర్ కావచ్చు. స్టాఫ్‌రూమ్‌లో మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "ఆయనకీ సంసారం ఉంది, రిటైర్మెంట్ దగ్గర్లో ఉంది, ఎందుకు లేనిపోనిది." సాయంత్రానికి ఊరి పెద్దలు వస్తారు, హెచ్‌ఎం గదిలో టీలు వస్తాయి, కాగితం మీద క్షమాపణ, పిల్ల తండ్రి చేతికి కొంత డబ్బు, పిల్లకి టీసీ. పది రోజుల్లో అంతా మామూలైపోతుంది, ఆయన వేరే బడికి బదిలీ అవుతాడు. అక్కడా ఆడపిల్లలుంటారు.

ఆ పంచాయితీకి కుర్చీ వేయకండి. పోక్సో కేసులో రాజీకి చోటు లేదు, రాజీ చేయించడానికి కూర్చున్నవాళ్లంతా తెలిసీ దాచినవాళ్ల కిందికే వస్తారు. విద్యాసంస్థలో పనిచేసేవాడు పిల్లల మీద చేస్తే చట్టం దాన్ని మామూలు కేసు కంటే తీవ్రంగా చూస్తుంది, అత్యాచారమైతే 2019 సవరణ తర్వాత కనీసం 20 ఏళ్ల శిక్ష. హెచ్‌ఎం ఆ రోజే చేయాల్సినవి: ఆ మనిషి పిల్లల దగ్గరికి వెళ్లకుండా చూడడం, పోలీసులకి చెప్పడం, డీఈఓకి రాతపూర్వకంగా తెలపడం. సస్పెన్షన్, శాఖాపరమైన విచారణ వాటి దారిన అవి నడుస్తాయి, వాటి కోసం పోలీసు ఫిర్యాదు ఆపకూడదు. హెచ్‌ఎం కదలకపోతే మీరే చేయండి. చట్టం "ఏ వ్యక్తి అయినా" అంది, హెచ్‌ఎం అనలేదు.

బడిలో పనిచేసే ఆడవాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. టీచరమ్మ, మధ్యాహ్న భోజనం వండే అక్క, ఆయా, ఎవరికి లైంగిక వేధింపు జరిగినా, పనిచేసే చోట ఆడవాళ్ల మీద వేధింపుల్ని ఆపడానికి 2013 చట్టం ఉంది. పది మందీ అంతకు మించీ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, అంతకంటే చిన్న బడి అయితే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లాలి, మూడు నెలల్లోపు. తోటి మేడమ్‌కి జరిగిన దానికే నోరు మూసుకునే బడిలో పిల్లలు నోరు తెరుస్తారా?

ఇంట్లో అమ్మ దెబ్బలు తింటుంటే

సోమవారం ఆలస్యంగా వచ్చేవాడు, మొదటి పీరియడ్‌లోనే నిద్రపోయేవాడు, చిన్నదానికే పక్కవాడి మీద చెయ్యెత్తేవాడు. వీళ్లని గోడ కుర్చీ వేయించే ముందు రాత్రి ఇంట్లో ఏం జరిగిందో అడగండి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో భర్త హింసని ఎదుర్కొన్నామన్న పెళ్లైన ఆడవాళ్లు తెలంగాణలో వందకు 37 మంది దాకా, ఆంధ్రప్రదేశ్‌లో 30 మంది ఉన్నారు. అంటే నలభై మంది పిల్లలున్న క్లాసులో ఎంతమంది ఇళ్లో లెక్కేసుకోండి.

ఇక్కడ పద్ధతి వేరు. నిర్ణయం ఆ తల్లిది. మనం దారి చూపించాలి, తోసుకెళ్లకూడదు. పేరెంట్స్ మీటింగ్‌కి ఆవిడ ఒక్కతే వచ్చినప్పుడు మార్కుల సంగతి మాట్లాడుతూనే మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు చెప్పండి, జిల్లాలో సఖి కేంద్రం ఉందని, అక్కడ కొద్ది రోజులు ఉండొచ్చని, వైద్యం, లాయరు, పోలీసు సాయం డబ్బు కట్టకుండా దొరుకుతాయని చెప్పండి. పిల్ల డైరీలో రాసి పంపకండి, అది ముందు భర్త చూస్తాడు. 2005 గృహహింస చట్టం కింద ఎవరైనా రక్షణ అధికారికి సమాచారం ఇవ్వొచ్చు, మంచి ఉద్దేశంతో ఇచ్చినవాళ్ల మీద బాధ్యత పడదు. పిల్లలకి మాత్రం ఒకటి నేర్పండి: నాన్న కొడుతుంటే మధ్యలోకి వెళ్లొద్దు, చిన్నవాళ్లని తీసుకుని పక్కింటికి వెళ్లి అక్కడి నుంచి 112కి చేయాలి. ఏ పక్కిల్లో ముందే అనుకుని ఉండమనండి.

పెళ్లి కుదిర్చేస్తే

పైన చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోనే 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 18 నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఇది కూడా హింసే, మేళతాళాలతో జరుగుతుంది కాబట్టి మనకి అలా కనబడదు. పదో తరగతి పరీక్షలవగానే, వేసవి ముహూర్తాలకి ముందు కళ్లు తెరుచుకుని ఉండాలి. రెండు వారాలు రాకపోవడం, మధ్యలో టీసీ అడగడం, "మేనమామ వాళ్లొచ్చి వెళ్లారు" అని స్నేహితురాళ్లు గుసగుసలాడడం. అనుమానం రాగానే 1098 కి చేయండి, బాల్యవివాహాల నిషేధ అధికారికి చేరుతుంది. మామూలుగా వాళ్లొచ్చి కౌన్సెలింగ్ చేసి తల్లిదండ్రుల చేత రాయించుకుని వెళ్తారు, అంతటితో ఊపిరి పీల్చుకోకండి. చాలాసార్లు అదే పెళ్లి వారం తర్వాత వేరే ఊరి గుళ్లో తెల్లవారుజామున అయిపోతుంది. అలాంటి భయముంటే కోర్టు నుంచి నిషేధ ఉత్తర్వు తెప్పించమని అధికారుల్ని అడగండి, ఆ ఉత్తర్వు ఉండగా చేసిన పెళ్లి చట్టం ముందు పెళ్లే కాదు. ఆ పిల్ల హాజరు మాత్రం రోజూ చూడండి.

బడిని ముందే సిద్ధం చేయడం

ముందుగా బెత్తం. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించి ఇన్నేళ్లయినా చాలా టేబుళ్ల మీద అది ఇంకా ఉంది. మనం కొడితే ఊరుకోవాలి, ఇంకొకడు ముట్టుకుంటే మాత్రం వచ్చి చెప్పాలి అంటే పిల్లకి ఎలా అర్థమవుతుంది? పెద్దవాళ్లకి ఆ హక్కు ఉందనే నేర్పుతున్నాం కదా. బెత్తం పక్కన పడేశాక నా దగ్గరికొచ్చి మాట్లాడే పిల్లలు ఎక్కువయ్యారు, ఇది నేను కళ్లారా చూసింది.

ఫిర్యాదుల పెట్టె హెచ్‌ఎం గది ముందు, సీసీ కెమెరా కింద పెడితే అందులో ఏమీ పడదు. ఆడపిల్లల టాయిలెట్‌కి వెళ్లే దారిలో పెట్టండి, వారానికోసారి ఇద్దరు కలిసి తెరవండి. టాయిలెట్ గడియ పనిచేస్తోందా, బడి వెనక మూల ఎవరు కూర్చుంటున్నారు, ఆటోలో చివరగా దిగే పిల్ల ఎవరు, ఇవి నెలకోసారి మీరే నడిచి చూడండి. 1098 నంబరు నీళ్ల కుళాయి దగ్గర మూడో తరగతి పిల్ల కంటికి అందే ఎత్తులో రాయించండి. కొత్తవాళ్లని పనిలో పెట్టుకునేటప్పుడు పోలీసు వెరిఫికేషన్ చేయించడం 2020 నియమాల ప్రకారం తప్పనిసరి, వంట మనిషికైనా కంప్యూటర్ సార్‌కైనా.

పిల్లలకి మంచి స్పర్శ, చెడు స్పర్శ అని మాత్రం చెప్పి వదిలేయకండి. మాయచేసేవాడి తాకుడు మొదట్లో చెడుగా ఉండదు, చాక్లెట్‌తో వస్తుంది. "ఎవరికీ చెప్పొద్దు అనే తాకుడు ఏదైనా వచ్చి చెప్పాలి" అని చెప్తే ఒకటో తరగతి వాడికీ తెలుస్తుంది. మగపిల్లలతో వేరే కూర్చుని మాట్లాడండి, వద్దంటే వద్దనే అర్థమని, వాళ్లకి ఏమైనా జరిగినా ఏడవొచ్చని, చెప్పొచ్చని. ఫోన్లో ఫొటోలు మార్ఫింగ్ చేసి బెదిరిస్తే ఆ ఫొటోలు ఎవరికీ పంపకుండా, చాట్ చెరపకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చేయమనండి.

కేసు పెట్టాక

సమన్లు వస్తాయి, పరీక్షల ముందే వస్తాయి. కోర్టుకి వెళ్లిన రోజుల హాజరు సంగతి హెచ్‌ఎంతో ముందే మాట్లాడి ఉంచండి. విచారణ ఏడాదిలో ముగించడానికి వీలైనంత ప్రయత్నించాలని చట్టం చెప్తుంది, ఇంకా సాగినా పిల్ల వెంట ఉండండి. మధ్యంతర పరిహారం అడిగే వీలుంది, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది, వాళ్ల నంబరు 15100. పిల్ల నిద్రపోవడం లేదంటే, మీరు నిద్రపోలేకపోతున్నా సరే, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416లో తెలుగులో మాట్లాడతారు.

పిల్ల తిరిగి బడికొచ్చే రోజు ముందే తెలుస్తుంది. మిస్సయిన పాఠాల నోట్సు రాయించి ఉంచండి. క్లాసులో ఎవరికీ ఏమీ ప్రకటించకండి, ఎవరైనా అడిగితే "ఒంట్లో బాగాలేదు, ఇప్పుడు బాగుంది" అనేస్తే చాలు. ఎప్పుడూ కూర్చునే బెంచీ ఖాళీగా ఉంచండి, మధ్యాహ్నం పళ్లెం పట్టుకుని లైన్లో నిలబడినప్పుడు పక్కన ఒక స్నేహితురాలు ఉండేలా చూడండి. హాజరు పిలిచేటప్పుడు ఆమె పేరు దగ్గర గొంతు మార్చకండి, మామూలుగా పిలిచి తర్వాతి పేరుకి వెళ్లండి. సాయంత్రం లాంగ్ బెల్ కొట్టాక మాత్రం కాసేపు క్లాసులోనే ఉండండి, ఆగాలనుకుంటే ఆగుతుంది.